పసుపు ప్లేటు, తెల్ల ప్లేటు

క్యాబ్ వచ్చిందని ఫోన్ మోగగానే మనం చూసేది నంబరు ప్లేటు మీది చివరి నాలుగు అంకెలు. యాప్‌లో ఉన్న అంకెలూ కారు మీదివీ కలిస్తే తలుపు తీసి కూర్చుంటాం, ఓటీపీ చెబుతాం, ఇంటికి ‘బయల్దేరా’ అని మెసేజ్ పెడతాం. ప్లేటు ఏ రంగులో ఉందో పట్టించుకోం. ప్రయాణం సజావుగా సాగితే పట్టించుకునే పనీ లేదు. కానీ తెల్లవారుజామున శంషాబాద్ విమానాశ్రయం నుంచి వస్తుంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద డ్రైవర్‌కు కునుకు పట్టి, ఆగి ఉన్న లారీని కారు గుద్దిందనుకోండి. అప్పుడు లక్షల్లో తేడా తెచ్చేది ఆ రంగే.

పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది కిరాయికి తిప్పడానికి రిజిస్టరైన బండి. కరెంటు క్యాబ్ అయితే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు. తెల్ల ప్లేటంటే సొంత వాడకానికి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం కిరాయి బండికి తప్పనిసరిగా చేయించాల్సిన థర్డ్ పార్టీ బీమాలోనే ఎక్కిన ప్రయాణికుడూ ఉంటాడు. అంటే క్యాబ్ ఓనరు అతి తక్కువ ప్రీమియం కట్టి తీసుకున్న పాలసీ కూడా వెనక సీట్లో కూర్చున్న మిమ్మల్ని కాపాడుతుంది. తెల్ల ప్లేటు కారుకు ఆ ధీమా లేదు. దానికి థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే లోపల కూర్చున్నవాళ్లు దాని కిందికి రారు. సమగ్ర పాలసీ ఉంటే వస్తారు గానీ, సొంత వాడకమని చెప్పి బీమా చేయించి కిరాయికి తిప్పారు, షరతు తప్పారు అని బీమా కంపెనీ అడ్డం తిరుగుతుంది. బైక్ ట్యాక్సీ వెనక సీటుదీ ఇదే కథ. సొంత బైకులను ట్యాక్సీలుగా నడపనిచ్చే నిర్ణయాన్ని 2025 జూలైలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు రాష్ట్రాలకే వదిలేశాయి. కిరాయికి తిప్పే బండికి పర్మిట్ లేకపోవడం చిన్న లోపం కాదని 2018లో సుప్రీంకోర్టు ఓ లారీ కేసులో తేల్చి చెప్పింది. అయినా బాధితుడికి ముందు బీమా కంపెనీయే చెల్లించి, తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోమంది. మన కోర్టులు బాధితుల కోసం పట్టుకున్న గట్టి ఊతం ఇది. లైసెన్సు గడువు తీరిన డ్రైవర్ల విషయంలోనూ 2004 నుంచి ఇదే దారి చూపిస్తున్నాయి.

ఇప్పుడు ఆస్పత్రికి వద్దాం. కాలికి కట్టు కట్టి మిమ్మల్ని వార్డులోకి తెచ్చేసరికి క్యాబ్ ఓనరు పండ్ల సంచీతో వచ్చి నిలబడతాడు. ‘కేసులెందుకు సార్, కోర్టుల చుట్టూ మీరూ తిరగలేరు, నేనూ తిరగలేను. ఆస్పత్రి ఖర్చంతా నాది’ అంటాడు. చెడ్డవాడు కాకపోవచ్చు. బండి మీద ఈఎంఐలు ఉంటాయి, స్టేషన్లో బండి ఆగిపోతే రోజు గడవదు. కానీ ఆ మాటకు తలూపితే మిగిలేది ఆ పండ్ల సంచీయే. ఎఫ్ఐఆర్ లేకుండా పరిహారం అడగకూడదని చట్టంలో లేదు గానీ, మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రైబ్యునల్లో బీమా కంపెనీ లాయరు వేసే మొదటి ప్రశ్న అదే: ‘ప్రమాదం నిజంగా జరిగితే పోలీసులకు ఎందుకు చెప్పలేదు?’ ఆస్పత్రిలో మెడికో లీగల్ కేసుగా రాయించాలి. మెట్ల మీంచి పడ్డారని ఒక్క ముక్క కేస్ షీట్లో పడిందంటే తర్వాత దాన్ని తుడిచేయడం బ్రహ్మతరం కాదు.

డబ్బు గురించి అంత తొందరపడక్కర్లేదు కూడా. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకూ, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స చేయించే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. జాబితాలో ఉన్న ఆస్పత్రి అయితే ముందు వైద్యం, తర్వాతే లెక్కలు.

యాప్ ప్రయాణికుడికి ఓ సౌకర్యం ఉంది. పాతకాలం ట్యాక్సీలో నేనే ఎక్కానని నిరూపించుకోవడానికి సాక్షులు కావాలి. ఇప్పుడు ఎక్కడ ఎక్కారు, ఎన్ని గంటలకు, ఏ బండి, ఏ డ్రైవర్ అన్నది మీ మెయిల్‌లోకి వచ్చిన రశీదే చెబుతుంది. ఆ ట్రిప్పు వివరాలు స్క్రీన్ షాట్ తీసి ఇద్దరు ముగ్గురికి పంపి ఉంచండి. బండి నంబరు ఎం-పరివాహన్‌లో కొడితే బీమా ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది.

సరే, దావా ఎవరి మీద? డ్రైవర్, ఆర్సీలో పేరున్న ఓనరు, బీమా కంపెనీ ఈ ముగ్గురూ తప్పనిసరి. అసలు చెల్లించేది మూడో వాళ్లే. మరి మీ ఫోన్లో పేరున్న కంపెనీ? మేం బండ్లు నడపం, ప్రయాణికుడినీ డ్రైవర్నీ కలుపుతాం అంతే అన్నది యాప్ కంపెనీల పాట. 2019లో చట్టంలో చేర్చిన నిర్వచనం కూడా వాళ్లను డిజిటల్ మధ్యవర్తి అనే పిలిచింది. అయితే మన కోర్టుల దగ్గర దీనికి పాత మందొకటి ఉంది. ఆర్టీసీ అద్దె బస్సులు మనకు కొత్త కాదు కదా: బస్సు ఒకరిది, డ్రైవర్ కూడా వాళ్ల మనిషే, రూటూ టికెట్టూ ఆర్టీసీవి. రాజస్థాన్ ఆర్టీసీ అలా అద్దెకు తీసుకున్న బస్సు ప్రమాదంలో పడితే 1997లో సుప్రీంకోర్టు ఒకటే అడిగింది: డ్రైవర్ ఎవరి మాట మీద బండి నడుపుతున్నాడు? జీతమిచ్చేది ఓనరైనా, ఎక్కడ ఆపాలో ఎప్పుడు కదలాలో చెప్పేది కార్పొరేషన్ కండక్టరు గనక కార్పొరేషన్ కూడా బాధ్యురాలేనంది. ఈ కొలత యాప్‌కు పెట్టి చూడండి. చార్జీ వాళ్లే నిర్ణయిస్తారు, దారి వాళ్లే చూపిస్తారు, రేటింగ్ తగ్గితే డ్రైవర్ ఐడీ ఆపేస్తారు. కండక్టరు చేసిన పని ఇంతకన్నా ఎక్కువా? నా లెక్కలో కాదు. అందుకే యాప్ కంపెనీని కూడా ప్రతివాదుల్లో చేర్చమని లాయర్‌కు చెప్పడం మంచిది. అయితే దాని మీదే ఆశంతా పెట్టుకుని కూర్చోకూడదు.

అమెరికాలో చదువుకునే పిల్లలున్న ఇళ్లకు ఇక్కడ ఓ మాట. అక్కడి లెక్క వేరు. 2013 డిసెంబరు 31 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో రోడ్డు దాటుతున్న ఆరేళ్ల పాప ఓ ఉబర్ డ్రైవర్ కారు కింద పడి చనిపోయింది. యాప్ ఆన్‌లోనే ఉంది, కిరాయి కోసం చూస్తున్నానన్నాడు డ్రైవర్. కారులో ప్రయాణికుడు లేడు కాబట్టి మాకు సంబంధం లేదంది కంపెనీ. ఆ గొడవ నుంచే 2014లో కాలిఫోర్నియా చట్టం పుట్టింది. యాప్ ఆన్ చేసి కిరాయి కోసం ఎదురుచూసే వేళ ఒక బీమా, కిరాయి ఒప్పుకున్నప్పటి నుంచి దించేదాకా పది లక్షల డాలర్ల బీమా. ఈ ఘడియల లెక్క మన దగ్గర లేదు. ఇక్కడ బీమా బండి మీద ఉంటుంది, యాప్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అన్నది దానికి పట్టదు. పైగా ప్రాణనష్టానికి, గాయాలకు థర్డ్ పార్టీ పాలసీలో గరిష్ఠ పరిమితి పెట్టలేదు. ట్రైబ్యునల్ ఎంత తేలిస్తే అంత.

ఎంత తేలుస్తుందన్నది చాలామంది అనుకున్నట్టు జడ్జి దయ మీద ఉండదు. దానికో ఎక్కం ఉంది. 2009, 2017 నాటి సుప్రీంకోర్టు తీర్పులు రెండు కలిపి చదివితే చాలు. ముప్ఫై రెండేళ్ల మనిషి, సొంత దుకాణం, నెలకు 30,000 ఆదాయం, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. ప్రమాదంలో పోయాడు. ఏడాది ఆదాయం 3,60,000. నలభై లోపు వయసున్న స్వయం ఉపాధి మనిషి కాబట్టి ముందుముందు పెరగబోయే సంపాదన కింద 40 శాతం కలిపితే 5,04,000. ఆధారపడినవాళ్లు నలుగురు, అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 3,78,000. ఆ వయసుకు గుణకం 16. మొత్తం 60,48,000. అంత్యక్రియల ఖర్చు వంటివి, వడ్డీ దీనికి అదనం.

ఇప్పుడు అదే మనిషికి ఆదాయం కాగితం లేదనుకోండి. ఐటీ రిటర్ను వేయలేదు, అమ్మకాల డబ్బు బ్యాంకులో పడలేదు. ట్రైబ్యునల్ ఓ ఊహ ఆదాయం, నెలకు 12,000 అనుకుందాం, లెక్కలోకి తీసుకుంటుంది. అదే ఎక్కంతో వచ్చేది 24,19,200. తేడా ముప్ఫై ఆరు లక్షల పైచిలుకు. పన్ను పడే ఆదాయం లేకపోయినా రిటర్ను వేయమని ఆడిటర్లు పోరేది ఊరికే కాదు.

గాయాలకైతే లెక్క ఇంకో రకం. మెడికల్ బోర్డు 40 శాతం వైకల్యమని రాసినంత మాత్రాన సంపాదన 40 శాతమే పోయిందని కాదు. కాలు పోయిన గుమాస్తా కుర్చీలో కూర్చుని పని చేసుకోగలడు, కాలు పోయిన డ్రైవర్‌కు బతుకుతెరువే పోతుంది. ఈ తేడా చూడమని 2010 నుంచి సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. మీ పనేమిటో, ఆ పని ఎలా చేస్తారో ట్రైబ్యునల్‌కు విప్పి చెప్పాలి.

తప్పెవరిదో తేల్చుకునే ఓపిక లేనివాళ్లకు దగ్గరి దారీ ఉంది: మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు, తప్పు నిరూపించక్కర్లేదు. గుద్దిన బండి దొరక్కుండా పారిపోతే ప్రభుత్వ నిధి నుంచి 2 లక్షలు, 50 వేలు. కానీ క్యాబ్ ప్రయాణికుడు ఈ చిన్న మొత్తాలకు దిగాల్సిన పని సాధారణంగా ఉండదు. తప్పు క్యాబ్‌దో లారీదో, రెంటిదో తేలకపోయినా వెనక సీట్లో కూర్చున్నవాడి తప్పు మాత్రం కాదు. ఇద్దరి తప్పూ ఉంటే మొత్తం పరిహారాన్ని ఏ ఒక్కరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చని 2015లోనే తీర్పు ఉంది. ప్రమాదం కర్నూలు దగ్గర జరిగినా, మీ ఇల్లు వరంగల్‌లో ఉంటే వరంగల్ ట్రైబ్యునల్లోనే ఎంవీఓపీ, అంటే పరిహారం పిటిషన్, వేసుకోవచ్చు. గడువు ఆరు నెలలు. ఆ గడువు మీద సుప్రీంకోర్టులో వ్యాజ్యాలున్నాయి గానీ, వాటిని నమ్ముకుని ఏడో నెల దాకా ఆగొద్దు.

ఇంతసేపూ వెనక సీటు గురించే చెప్పుకున్నాం. ముందు సీట్లోని మనిషి సొంత కారు తిప్పుకునేవాడై, తప్పూ అతనిదే అయితే ఈ ఎక్కాలేవీ అతనికి పనికిరావు. తన బండి పాలసీకి తాను థర్డ్ పార్టీ కాడు. అతని ఇంటికి దక్కేది ఓనర్-డ్రైవర్ వ్యక్తిగత ప్రమాద బీమా (పీఏ కవర్) 15 లక్షలు, అదీ కట్టి ఉంటేనే. యాప్ కంపెనీలు డ్రైవర్‌కు కనీసం 10 లక్షల టర్మ్ బీమా, 5 లక్షల ఆరోగ్య బీమా చేయించాలని కేంద్రం మార్గదర్శకాల్లో రాసింది. ఈసారి క్యాబ్ ఎక్కి మాట కలిసినప్పుడు, ‘అన్నా, నీకు పీఏ కవర్ ఉందా?’ అని ఒక్కసారి అడిగి చూడండి.