చౌడునేలలో వరినారుకు హార్మోను ఊతము

అల్లూరు, విడవలూరు, ముత్తుకూరు తీర గ్రామముల రైతులారా! చౌడుమడిలో చల్లిన వరివిత్తనము సరిగా మొలవకుండుటకు కారణమేమి? ఉప్పు వలన గింజ చాలినంత నీటిని పీల్చుకొనజాలదు. గింజలోని పిండిని మొలకకు ఆహారముగా మార్పించు జిబ్బరెల్లిను అను హార్మోనును తగ్గును. 1926లో తైవానులో కురోసావా, వరినారును సాగదీయు తెగులును పరిశీలించుచు దీని జాడ కనుగొనెను.

విత్తనమును పలుచని జిబ్బరెల్లిక్ ఆమ్ల ద్రావణములో నానబెట్టి చల్లినచో మొలక త్వరగా వచ్చును. మోతాదు మించినచో నారు సన్నగా సాగి పడిపోవును. కావున వ్యవసాయాధికారి చెప్పిన మోతాదునే, ముందు ఒక చిన్న మడిలో వాడి చూడవలెను.

హార్మోను ఉప్పును తీసివేయదు. మంచినీటిని నిలువగట్టి, మురుగుకాలువలోనికి వదలవలెను. ముదురునారునే, కుదురుకు ఒకటిరెండు మొక్కలు ఎక్కువగా నాటవలెను. నారు దక్కిననే పంట దక్కును.