బ్యాటరీకి నిదానము ముందు, చికిత్స పిమ్మట

మన వైద్యశాస్త్రములలో నిదానము ముందు, చికిత్స పిమ్మట. రోగమేదియో తెలిసికొనక మందు పోయు వైద్యుని మనమెవ్వరమును నమ్మము. ఇన్వర్టరు బ్యాటరీ విషయమున మాత్రము ఈ క్రమము మన యిండ్లలో తలక్రిందగుచున్నది. కరెంటు పోయిన అరగంటకే పంకా నిలిచినచో “బ్యాటరీ చచ్చినది, క్రొత్తది తెప్పింపుడు” అని తీర్పు చెప్పివేయుదుము. ఆ ఒక్క మాటకు పదివేల రూపాయలకు పైగా చెల్లును. అట్లు పాఱవేయబడువానిలో నిజముగా చచ్చినవి కొన్ని, దప్పిగొన్నవి కొన్ని, తీగ వదులై పలుకనివి కొన్ని. సోదరీమణులారా, ఈ భేదమును కనుగొనుట మనకు శక్యము కాని విద్య గాదు. పాకము ముదిరినదో, లేతగా నున్నదో చూచి చెప్పగల కంటికి ఇది యెంతటి పని?

నంద్యాల, ఆళ్లగడ్డల దాపున నున్న మా దొర్నిపాడు వంటి యూళ్లలో ఈ సంగతి మఱింత ముఖ్యము. ఇచ్చట వేసవిని ఎండ 40 డిగ్రీలను దాటుట వింత కాదు. బ్యాటరీ యున్న చోట వేడి పది డిగ్రీలు హెచ్చిన కొలది దాని యాయువు ఇంచుమించు సగమగును. కావున రేకుల క్రిందను, పడమటి యెండ కాగు గోడ ప్రక్కను దానిని ఉంచరాదు. దీపము విలాసము కొఱకు కాదు. బడిపంతులుగారి యింట నుండుటచే, పరీక్షల దినములలో రాత్రి దీపమాఱినచో బిడ్డల చదువునకెంత విఘాతమో మేమెఱుగుదుము. మంచము పట్టిన వృద్ధులున్న యింట పంకా నిలిచిన రాత్రి యెట్టిదో మీకును తెలియును.

లోపలి సంగతి కొంచెము తెలిసినచో పరీక్ష సులభమగును. 1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన సూత్రమే నేటి మన యింటి సీసపు బ్యాటరీలోను గలదు. తిరుపతి చెంత కరకంబాడిలో కర్మాగారము గల అమరరాజా సంస్థను 1985లో గల్లా రామచంద్రనాయుడుగారు స్థాపించిరి. అచ్చటి సీసపు బ్యాటరీలకును ఇదియే మూలము. పెట్టెలో ఆరు గదులుండును; వానినే సెల్లులందురు. ఒక్కొక్క సెల్లు రెండు వోల్టులకు కొంచెము పైగా నిచ్చుటచే అన్నియు కలిసి 12 వోల్టుల బ్యాటరీ యగును. ప్రతి గదిలోను సీసపు పలకలు, నీటితో పలుచన చేసిన గంధకికామ్లము ఉండును. బ్యాటరీ శక్తి నిచ్చునపుడు ఆమ్లపు సారము పలకలకు పట్టి ద్రవము పలుచనగును. ఛార్జి యెక్కునపుడు ఆ సారము తిరిగి వచ్చి ద్రవము చిక్కనగును. ఈ చిక్కదనమే బ్యాటరీకి నాడి. ఛార్జి లేక వారముల తరబడి విడిచినచో పలకల మీది పొర గట్టిపడి మరల కరగదు. అదియే దానికి వార్ధక్యము.

చేయి పెట్టుటకు ముందు జాగ్రత్త వహింపవలెను. ఇన్వర్టరును ఆపి, దాని ప్లగ్గును గోడనుండి తీయవలెను. బంగారు గాజులు, ఉంగరములు తీసివేసి, మెడలోని గొలుసును లోనికి దోపుకొనవలెను. లోహము రెండు కొనలకును ఒక్కసారి తగిలినచో క్షణములో కాలి చర్మమును కాల్చును. ఛార్జి యెక్కునపుడు మండు స్వభావము గల హైడ్రోజను వాయువు పుట్టును గనుక దేవుని దీపము, అగరువత్తి, పొయ్యి దాపున నుండరాదు. ఆమ్లము మీద పడినచో విస్తారమైన నీటితో కడుగవలెను. కంటిలో పడినచో పావుగంట సేపు కడుగుచునే యుండి, వెంటనే వైద్యుని కడకు పోవలెను.

మొదట లెక్క చూడుడు. 12 వోల్టులు, 150 ఆంపియరు గంటలు గల బ్యాటరీలో 1800 వాటుగంటల శక్తి గలదు. 75 వాటుల పంకాలు రెండు, 9 వాటుల దీపములు నాలుగు కలిసి గంటకు 186 కోరును. నష్టములు పోగా క్రొత్త బ్యాటరీ ఆరు గంటలైనను నడపవలెను. కొన్నేండ్లకు అది నాలుగు గంటలైనచో వయస్సు. ఒక్క గంటయే యైనచో రోగము. నడుమ నెవ్వరైన ఫ్రిజ్జునో, మోటారునో ఆ తీగకే తగిలించియుండిరేని దోషము బ్యాటరీది కాదు.

రెండవది నీరు. ఛార్జి వలనను వేడి వలనను నీరు హరించును గాని ఆమ్లము హరింపదు. కావున డిస్టిల్డు వాటరే పోయవలెను. ఆమ్లమును ఎన్నడును పోయరాదు. బోరునీటి యందలి సున్నము, ఉప్పు, ఇనుము పలకలను చెఱచును. కాచిన నీరును, ప్లాంటు నుండి తెచ్చు క్యాను నీరును మనము త్రాగుటకే గాని దీనికి పనికిరావు. మూతలపై తేలు సూచికలున్నచో, అవి క్రింది గుర్తునకు దిగినపుడు నీరు కావలెనని తెలియవలెను. ఛార్జి నిండిన పిమ్మట పై గుర్తు వఱకు మాత్రమే నింపవలెను. పలకలే బయటపడియున్నచో అవి మునుగునంత మాత్రము ముందు పోసి, ఛార్జి పెట్టిన తరువాత తక్కినది పోయవలెను. మూతలు తెఱవ వీలు లేని బ్యాటరీలను బలవంతముగా తెఱవరాదు.

మూడవది కొనలు. తీగలు బిగించిన చోట తెల్లనిదో, నీలి పచ్చనిదో పొడి పేరుకొన్నచో విద్యుత్తు సాగదు. ముందు నెగిటివు తీగను, తరువాత పాజిటివు తీగను విప్పి, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటిలో ముంచిన గుడ్డతో తుడువవలెను. ఆ నీరు సెల్లులలోనికి పోరాదు. ఆరిన పిమ్మట గట్టిగా బిగించి, కొంచెము వ్యాజలైను పూయవలెను.

ఇంతటితో గుణము కానరానిచో మీటరు పెట్టవలెను. రాత్రియంతయు ఛార్జి పెట్టి, ఇన్వర్టరునాపి, మూడు నాలుగు గంటలు విశ్రాంతి యిచ్చి కొలిచినచో 12.6 వోల్టులు దాపున నుండవలెను. 10.5 దాపున నిలిచినచో ఆరు సెల్లులలో ఒకటి చచ్చినదని యనుమానింపవలెను. ఛార్జి యెక్కుచున్నపుడు సాధారణముగా 13.5 దాటవలెను, ఎంత సేపటికిని అట్లు దాటనిచో ఇన్వర్టరు సరిగా ఛార్జి పెట్టుచున్నదో లేదో ముందు చూపింపుడు. మెకానిక్కు హైడ్రోమీటరు తెచ్చినపుడు “నాయనా, ఆరు సెల్లుల అంకెలును చదివి చెప్పుము” అని యడిగి వ్రాసికొనుడు. నిండిన ఇన్వర్టరు బ్యాటరీలో 1240 ప్రాంతముండును. ఐదు సెల్లులు సరిగానుండి ఒకటి 50 అంకెలకు మించి తగ్గినచో ఆ సెల్లు చెడినది. ఇక నీరును తుడుపును ఉపకరింపవు. అప్పుడు మార్చుట దుబారా కాదు.

రెండు బ్యాటరీలతో నడచు ఇన్వర్టరున్నచో రెండింటిని ఒక్కసారి మార్చవలెను. ముసలి యెద్దును, కోడెను ఒకే కాడికి కట్టినచో బండి ముసలిదాని నడకనే నడచును. కోడెయు త్వరలో చెడును. ఇదియు నంతే. ఒకే తయారీ, ఒకే కొలత, ఒకే నాటివి కొనుడు. నీటితో పనిలేని లిథియము బ్యాటరీలును నేడు గలవు గాని, మీ ఇన్వర్టరు వానికి తగినట్లు ఛార్జి పెట్టగలదో లేదో ముందడుగుడు.

పాతదానిని పెరటిలో పగులగొట్టి సీసము తీయ నెవ్వరిని రానీయకుడు. 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు ప్రకటించిన నివేదిక ప్రకారము, ప్రపంచమున ప్రతి ముగ్గురు బిడ్డలలో ఒకరికి, అనగా దాదాపు 80 కోట్ల మందికి, రక్తమున సీసము డెసిలీటరునకు 5 మైక్రోగ్రాములు గాని అంతకు మించి గాని యున్నది. జాగ్రత్త లేక బ్యాటరీలను కరగించుట దీనికి ముఖ్య కారణములలో నొకటి. పసిబిడ్డల మెదడునకు సీసము వలన కలుగు హాని మరల తీఱదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమములును పాతవానిని ఇంటి చెత్తతో కలుపక వేఱుగా నప్పగింపవలెనని చెప్పుచున్నవి. అమ్మినవానికే యిచ్చి, దాని విలువను క్రొత్తదాని ధరలో తగ్గింపించుకొనుడు.

పాలలెక్క వ్రాయు పుస్తకములోనే ఒక పుట దీనికి కేటాయింపుడు: కొన్న తేది, వారంటీ గడువు, నీరు పోసిన దినము, కరెంటు పోయినపుడు దీపము నిలిచిన కాలము. వారంటీ చీటిని ఆ పుటలోనే భద్రపఱచుడు. క్రొత్త బ్యాటరీ తెండని చెప్పుటకు ముందు ఆ పుటను ఒక్కసారి చదువుడు. మార్చవలెనో, నీరు పోసిన చాలునో అదియే చెప్పును.