దమ్మక్కకు ఆకుల పావడా ఎందుకు?

మా భద్రాచలం వైపు రామదాసు నాటకం వేస్తే, దమ్మక్క పాత్రకు అద్దె డ్రెస్సుల ట్రంకుపెట్టెలోంచి చిరుతమచ్చల గుడ్డ, దానికి కుట్టిన ప్లాస్టిక్ ఆకులు బయటికొస్తాయి. రాముడి విగ్రహాలను మొదట కనుగొన్నదని మేం చెప్పుకునే కోయ మహిళ ఆమె. దుమ్ముగూడెం దారిలో ఒక కోయ అవ్వకు ఆ వేషం ఫొటో చూపిస్తే పడీపడీ నవ్వింది. “ఆకులు కట్టుకొని ముళ్లల్ల ఎట్ల తిరుగుతం సారూ?” అంది.

డ్రాయింగ్ మాస్టరుగా రిటైరయ్యాక నాటకాలకు ఆహార్యం బొమ్మలు గీస్తున్నాను. అవి గోడకు తగిలించుకోవడానికి కాదు, దర్జీ కోసం. మనిషిని ముందునుంచీ వెనకనుంచీ గీసి, మూలన అసలు గుడ్డముక్క పిన్ను చేస్తాను. హుక్కులెక్కడ, నాడాలెక్కడ, లోపల ఎంత గుడ్డ మడిచి ఉంచాలి, అన్నీ పక్కనే రాస్తాను.

పాడే నటుడి లెక్క వేరు. పద్యం చివర రాగం తీసేటప్పుడు పక్కటెముకలూ పొట్టా విచ్చుకోవాలి. వడ్డాణం బిగిస్తే రాగం సగంలో తెగుతుంది. కిరీటం చెవుల మీదికి దిగితే హార్మోనియం శ్రుతి సరిగా వినపడదు. అందుకే నడుము కొలత మామూలుగా ఒకసారి, గుండెల నిండా గాలి పీల్చమని ఇంకోసారి తీయిస్తాను.

తానీషాకు అందరూ మఖమల్ కోటే తొడుగుతారు. లైట్ల కింద ఆయన ఉడికిపోతుంటాడు, పాపం. తానీషా అంటే 1672 నుంచి 1687 దాకా గోల్కొండనేలిన అబుల్ హసన్. ఆయన కాలపు దక్కనీ చిత్రాల్లో కనిపించేది పల్చటి తెల్ల మస్లిన్ జామా, నడుముకు జరీ పట్కా. జామా ముడి చంక కింద ఉంటుంది, పొట్టను పట్టదు. గొంతుకు ఇంతకన్నా ఏం కావాలి? ముస్లింలు ఆ ముడి కుడివైపు, హిందువులు ఎడమవైపు వేసుకోవడం మొగలుల నాటి ఆచారం. నా బొమ్మల్లో తానీషాకు కుడివైపు, ఆయన మంత్రులు అక్కన్న మాదన్నలకు ఎడమవైపు. వెనక వరుసకు కనపడదుగా అంటారు. వేసుకున్నవాడికి తెలుస్తుంది, చాలు.

మన పద్యనాటకానికి దగ్గరి చుట్టం పాశ్చాత్యుల ఒపేరా. వెర్డీ ‘ఐదా’కు దుస్తుల బొమ్మలు గీసింది ఈజిప్టులో తవ్వకాలు జరిపిన ఫ్రెంచి పండితుడు మారియెట్. గాయకులు గడ్డాలూ మీసాలూ తీసేయాలని కూడా పట్టుబట్టాడు! దుస్తులు పారిస్‌లో కుట్టించారు. 1870లో ప్రష్యా సైన్యం ఆ నగరాన్ని ముట్టడించడంతో అవి అక్కడే చిక్కుకుపోయాయి, కైరోలో తొలి ప్రదర్శన 1871 డిసెంబరు 24 దాకా ఆగింది. ఆ బొమ్మలు ఇప్పటికీ పారిస్‌లో భద్రంగా ఉన్నాయి. మనవి మేకప్ గదిలో పౌడరు తుడిచే కాగితాలవుతున్నాయి.

దమ్మక్కకు నేను గీసింది అవ్వ చెప్పిన తీరే: పిక్కల పైకి బిగించి కట్టిన ముతక నూలుచీర, మెడలో పూసలు. రాముడికి ఆమె తాటిపండు నైవేద్యం పెట్టిందంటారు కాబట్టి చేతిలో అది. ఆకుల డ్రెస్సు అద్దె కన్నా ఇదే చవక.

నాటక సమాజాల పెద్దలకు ఒక్క మాట. పద్యాలు వల్లెవేయడం మొదలైన రోజే బొమ్మలూ గీయించండి. ఆట అయ్యాక నాటకం పేరు, ఏడాది, దర్జీ పేరు వెనకాల రాసి దాచండి.