బరువులు ఎత్తుటకు, నిలుపుటకు ఉపకరించు సాధనములు

నాగలి, బండి, ఆయిలింజను, ట్రాక్టరు తొట్టి మొదలగువాటిని ఇంటివద్దనే మరమ్మతు చేసికొను రైతులు పెక్కుమంది గలరు. సుత్తి, రెంచీలు కొనుటలో చూపు శ్రద్ధను బరువులెత్తు సాధనములపై అంతగా చూపరు. నడుములు పట్టుటకు, వ్రేళ్లు నలుగుటకు, ఒక్కొక్కప్పుడు ప్రాణములే పోవుటకు ఇది కారణమగుచున్నది. బరువును ఎత్తుట ఒక పని. ఎత్తినదానిని నిలుపుట వేరొక పని. ఈ రెంటికిని వేర్వేరు సాధనములు కావలెను.

పలుగు: అందరి ఇండ్లలోను ఉండునది ఇదే. 150 సెం.మీ. పలుగునకు, బరువునుండి 15 సెం.మీ. దూరములో గట్టి ఆనిక పెట్టినచో, 90 కిలోల బరువు సుమారు 10 కిలోల ఒత్తిడికి లేచును. లేచినంతమేరకు వెంటనే చెక్క దూర్చవలెను. చేయి దూర్చరాదు.

కప్పీ: పైన కట్టిన ఒంటి కప్పీ శ్రమను తగ్గించదు, లాగు దిశను మాత్రమే మార్చును. బరువుతోపాటు కదలు రెండవ కప్పీని చేర్చినచో బలము ఇంచుమించు సగము చాలును. మోకును మాత్రము రెండింతలు లాగవలెను. ఇంజనువంటివాటికి గొలుసు కప్పీ మేలు. చేయి వదలినను దానిలోని బ్రేకు బరువును పట్టి ఉంచును. దీనిని ఇంటి దూలమునకు కట్టకుడు. అది పైకప్పును మోయుటకు వేసినది. మూడుకాళ్ల ఇనుప స్టాండు వాడి, కాళ్లు జారకుండ అడుగున గొలుసుతో కలిపి కట్టుడు.

జాకీ: ఇది ఎత్తుటకే గాని మోయుటకు కాదు. నూనె జాకీలో సీలు అరిగినచో బరువు దిగిపోవును. కావున ఈ వరుసను పాటింపుడు:

1. నేల చదునుగా ఉండవలెను. మెత్తని నేలయైనచో జాకీక్రింద మందపాటి పలక వేయుడు.
2. ఎత్తని చక్రములకు ముందు, వెనుక అడ్డుచెక్కలు పెట్టుడు.
3. ఎత్తిన పిమ్మట ఇనుప స్టాండ్లనుగాని, ఒక వరుసపై మరియొక వరుసను అడ్డముగా పేర్చిన గట్టికర్ర దుంగలనుగాని అమర్చుడు. ఇటుకలు, రాళ్లు హఠాత్తుగా పగులును, వాడరాదు.
4. జాకీని దించి బరువును వాటిపై ఆనించుడు. చేతితో ఊపి చూచి, కదలకున్ననే పనికి పూనుకొనుడు.

పైకెత్తిన ట్రాక్టరు తొట్టిని ఇనుప ఊతతో నిలుపనిదే దానిక్రింద తల పెట్టరాదు.

కొనునప్పుడు సాధనముపై ముద్రించిన బరువు పరిమితిని చూడుడు. గొలుసు కప్పీ ఒక్కరికి భారమైనచో నలుగురు రైతులు కలిసి కొని వాడుకొనవచ్చును. దుంగలు, అడ్డుచెక్కలు మాత్రము ప్రతి ఇంటిలోను ఉండవలెను. వాటికగు ఖర్చు స్వల్పము. అవి కాపాడునది మనిషిని.