రైలంటే పిచ్చి.. ఆటిజమేనా?

నిద్ర లేవగానే రైలు, అన్నం తినాలంటే రైలు, పడుకున్నా పక్కలో రైలే! రెండు మూడేళ్ల పిల్లలున్న చాలా ఇళ్లలో ఇదే వరస. 'మా వాడికి ఇంకేమీ పట్టదు డాక్టర్‌ గారూ, ఇది ఆటిజమా?' అని తల్లిదండ్రులు అడుగుతుంటారు.

ఒకే వస్తువుపై విపరీతమైన ఇష్టం ఈ వయసులో మామూలే. ఆ ఇష్టంలో మిమ్మల్నీ కలుపుకొంటున్నాడా అన్నది గమనించాలి. గేటు దగ్గర రైలు వెళ్తుంటే వేలితో చూపించి మీ ముఖంలోకి చూస్తున్నాడా? బొమ్మ రైల్లో నానమ్మను ఎక్కించి ఊరికి పంపుతున్నాడా? అయితే నిశ్చింతగా ఉండొచ్చు.

ఎప్పుడు చూపించాలి?

- ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం
- ఏడాదిన్నరకూ వేలితో చూపించకపోవడం
- రెండేళ్లకూ 'రైలు వచ్చింది' అన్నట్టు రెండు మాటలు కలపకపోవడం
- బండిని నడపకుండా ఎప్పుడూ చక్రాలే తిప్పుతుండటం
- వచ్చిన మాటలు పోవడం

'మగపిల్లలకు మాటలు ఆలస్యమేలే' అంటూ ఆగొద్దు. ముందు వినికిడి, ఆపై ఎదుగుదల పరీక్షలు చేయించాలి. ప్రభుత్వ డీఈఐసీ కేంద్రాల్లో ఇవి ఉచితం. ఎంత త్వరగా గుర్తిస్తే శిక్షణతో అంత మేలు.

ఫోన్‌లో రైలు వీడియోలు చూపిస్తూ తినిపించకండి. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దని, 2-4 ఏళ్ల వారికి రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. బదులుగా కుర్చీలు వరసగా వేసి రైలు చేయండి. టికెట్‌ అడగండి, పెట్టెలు లెక్కపెట్టించండి. మాటలు అక్కడే పుడతాయి.