పేరులో ఒక అక్షరం

మన ఇళ్లలో పేర్లతో ఒక చిక్కు ఉంది. తండ్రి ఆధార్ కార్డులో 'మహమ్మద్', తాతగారి పాసుపుస్తకంలో 'ఎండీ', బిడ్డ జనన ధ్రువపత్రంలో 'మొహమ్మద్'. ఉర్దూలో ఒకటే అయిన పేరు కార్యాలయపు రికార్డుల్లో మూడు పేర్లవుతుంది. బడిలో చేర్చేనాడో, పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టేనాడో ఆ తేడా బయటపడుతుంది.

అప్పుడు మనం చేసేదేమిటి? పురపాలక కార్యాలయం మెట్ల దగ్గర నిలబడిన మనిషి చేతిలో డబ్బు పెడతాం. "లోపల ఇవ్వనిదే కాగితం కదలదు" అని అతడంటే నమ్ముతాం. ఆ సొమ్ము లోపలికి చేరిందో లేదో కూడా అడగం.

చట్టం చెప్పేది వేరు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లోగా తెలియజేసిన జననాన్ని ఉచితంగా నమోదు చేయాలి, ధ్రువపత్రమూ ఉచితమే. పేరు లేకుండా నమోదైన బిడ్డకు ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు. ఏడవనాడు అఖీఖా చేసి పేరు పెట్టుకునే మనకు ఆ గడువు ధారాళమే! తప్పు పడితే ఆధారం చూసి సరిదిద్దే అధికారమూ రిజిస్ట్రారుకు ఉంది. 2023 అక్టోబరు 1 నుండి పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా ఈ పత్రమే ప్రధానం గనుక, ఆ ఒక్క అక్షరం విలువ ఇంకా పెరిగింది.

2011లో మీసేవ వచ్చాక చేతికి రసీదు, దాని మీద సంఖ్య దొరుకుతున్నాయి. ఇది చిన్న మేలు కాదు. అయినా ఆమోదించే బల్ల ఒకటి మిగిలే ఉంది. అక్కడ అమ్ముడయ్యే సరుకు ఆలస్యమే. దానికి విరుగుడు సమాచార హక్కు చట్టం. మా దరఖాస్తు ఏ తేదీన ఎవరి వద్దకు చేరింది, ఎందుకు ఆగింది అని 10 రూపాయల రుసుముతో అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

రిష్వత్ ఇచ్చేవాడూ దోషే అని మన ధర్మం ఏనాడో చెప్పింది. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టమూ ఇప్పుడు అదే అంటోంది. అయితే బలవంతాన ఇవ్వవలసి వచ్చినవారు 7 రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే వారికి శిక్ష లేదు. తెలంగాణలో ఏసీబీ నంబరు 1064. ఇవ్వకముందే చెబితే మరీ మంచిది. రసాయనం పూసిన నోట్లు ముట్టుకున్న వేళ్లను సోడా ద్రావణంలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి.

ఇంతకన్నా సులువైన పని ఆసుపత్రిలోనే ఉంది. బిడ్డ పుట్టినప్పుడు నింపే పత్రాన్ని సంతోషంలో, హడావుడిలో చదవకుండానే సంతకం చేసి ఇచ్చేస్తాం. తల్లిదండ్రుల కార్డులు పక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం సరిచూసి ఇవ్వండి.