పాత పద్మిని లోపలి సామాను: ఎక్కడ వెతకాలి, ఏది పారేయకూడదు

నాన్నగారి ప్రీమియర్ పద్మినిని అమ్మడానికి మనసొప్పక షెడ్డులో ఉంచుకున్న కుటుంబాలు మనలో ఉన్నాయి. ముంబై కుర్లాలో తయారైన ఈ కారు ఉత్పత్తి ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. అసలు కంపెనీ సీటు కవర్లు, డోర్ ప్యాడ్లు, పైకప్పు గుడ్డ దొరకడం కష్టం. అదే నమూనాలో కొత్తవి చేయించుకోవాలి.

అందుకే మేము చెప్పే మొదటి మాట: చిరిగిపోయినా పాతది పారేయకండి. డోర్ ప్యాడ్ వెనుక అట్ట, సీటు కుట్లు, పైకప్పు గుడ్డను పట్టి ఉంచే కమ్ములు... సీట్లు కుట్టేవారికి అవే కొలత. అట్ట పోతే హ్యాండిల్ రంధ్రాలు కూడా కుదరవు. రెక్సిన్ అసలు రంగు ఎండ తగలని సీటు అడుగున తెలుస్తుంది.

సీటు పనికి, యాక్సెసరీలకు బెంగళూరు జేసీ రోడ్డు. పాత విడిభాగాలకు చెన్నై పుదుపేట, ముంబై కుర్లా. మీటర్లు, స్విచ్చులు మోడల్‌ను బట్టి మారాయి. 'ఫియట్‌ది ఏదైనా సరిపోతుంది' అంటే నమ్మకండి; పాత ముక్క చేతపట్టుకుని వెళ్లండి.

డబ్బు పెట్టేముందు నేల రేకు తుప్పు, ఆర్‌సీ చూసుకోండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆపై ఫిట్‌నెస్ చూపించి 5 ఏళ్లకోసారి పొడిగించుకోవాలి. అది లేకుంటే ఎంత మంచి సీట్లు వేయించినా కారు రోడ్డెక్కదు.